డబ్బు ఉంది, ఆ రాత్రి చేతికి రాలేదు. ఇంటి అత్యవసర నిధి ఎక్కడ, ఎలా పెట్టుకోవాలి?

నల్లకుంట కోడలు | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ వంటల గురించే రాశాను. ఈసారి డబ్బు సంగతి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

పోయిన నెలలో ఒక శుక్రవారం రాత్రి పదకొండున్నరకి మావారికి కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని వాము నమలమన్నాం. పన్నెండు దాటేసరికి మనిషి మెలికలు తిరిగిపోతున్నాడు. పక్క వీధిలో ఆటో ఆయన్ని లేపి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అపెండిక్స్, పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉందని చెప్పాను. "అప్రూవల్ రేపొస్తుందమ్మా, ఈలోగా నలభై వేలు కట్టండి" అన్నారు కౌంటర్ దగ్గర.

మా దగ్గర డబ్బు లేక కాదు. ఆయన జీతం ఖాతాలో లక్షా అరవై వేలు, ఇంకో రెండు లక్షలు ఎఫ్‌డీ. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలని ఎక్కడో చదివి మూడేళ్ళు నోరు కట్టుకుని చేర్చాం. అంతా ఆయన పేరు మీదే. ఆయన వేలు పట్టుకుని ఫోన్‌కి ఆనించాను, ఫోన్ తెరుచుకుంది. తర్వాత యూపీఐ పిన్ అడిగింది. ఇంజెక్షన్ మత్తులో ఆయన చెప్పిన అంకెలు రెండుసార్లు తప్పాయి. ఏటీఎం కార్డు పట్టుకుని రోడ్డు అవతలికి పరిగెత్తాను. నాకు తెలిసిన పిన్ పాతదట. మూడోసారికి కార్డు బ్లాక్ అయింది.

నా ఖాతాలో ఉన్నది ఎనిమిది వేలు. అత్తమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. ఆవిడ ఇంకో ఆటోలో వచ్చి, చీరకొంగులోంచి ఒక స్టీలు డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టింది. 23,500. ఎప్పటి నుంచి దాస్తోందో తెలీదు, బియ్యం డబ్బా అడుగున ఉండేదట. అందులో మూడు రెండువేల నోట్లు. "ఇవి తీసుకోమండీ" అని వెనక్కి ఇచ్చారు. ఆ ఆరు వేలు పోగా 17,500, నావి 8,000. మిగతా 14,500 పై పోర్షన్ వాళ్ళు పంపారు, అదీ రాత్రి ఒంటిగంటన్నరకి.

ఆయన ఇప్పుడు బాగున్నారు. బిల్లు 1,24,000 అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు 1,03,000 ఇచ్చారు. గ్లౌజులు, కాటన్, రిజిస్ట్రేషన్ అంటూ 21,000 మా మీద పడింది. నలభై వేలలో మిగిలిన 19,000 డిశ్చార్జి రోజు వెనక్కి వచ్చింది.

నా ప్రశ్న: డబ్బు ఎంత దాచాలని అందరూ చెప్తారు, నాకు తెలియాల్సింది ఎక్కడ, ఎవరి పేరు మీద అని. ఇంకోటి, ఆయన చేతికొచ్చేది 62,000. ఖర్చులు రాస్తే 43,000 వస్తుంది. అద్దె 16,000, కిరాణా కూరగాయలు 11,000, పాలు 3,200, కరెంటు గ్యాస్ ఫోన్లు నెట్టు కలిపి 4,300, స్కూలు వ్యాను 3,500, పెట్రోలు 3,000, అత్తమ్మ మందులు 2,000. అంటే 19,000 మిగలాలి కదా? నెలాఖరుకి నాలుగు వేలు మిగిలితే గొప్ప. మిగతా పదిహేను వేలు ఎటు పోతున్నాయో నాకు అర్థం కావడం లేదు.

మణికొండ టెక్కీ | ఆదివారం, రాత్రి 10:05

ముందు అన్నయ్య కోలుకున్నారు, సంతోషం.

అక్కా, సేవింగ్స్ ఖాతాలో లక్షా అరవై వేలు ఉంచడమే తప్పు. రెండున్నర శాతం వడ్డీ కూడా సరిగ్గా రాదు. మొత్తం లిక్విడ్ ఫండ్‌లో, అంటే త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్‌లో పెట్టేయండి. ఇన్‌స్టంట్ రిడెంప్షన్ నొక్కితే అర్ధరాత్రి అయినా నిమిషాల్లో ఖాతాలో పడుతుంది. నేను అలాగే చేస్తాను.

ఊరికే చదువుతా | ఆదివారం, రాత్రి 10:11

ఖాతాలో పడ్డాక? పిన్ మళ్ళీ ఆ మత్తులో ఉన్నాయనే చెప్పాలి కదా తమ్ముడూ.

మణికొండ టెక్కీ | ఆదివారం, రాత్రి 10:13

😅 అవును, అది ఆలోచించలేదు.

రిటైర్డ్ క్యాషియర్ | సోమవారం, ఉదయం 6:20

అమ్మా, ముప్పై నాలుగేళ్ళు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నాను. మీలాంటి వాళ్ళు పాస్‌బుక్కు పట్టుకుని వచ్చి నిలబడ్డప్పుడు "ఆయన సంతకం కావాలమ్మా" అని నేనే చెప్పి పంపేవాణ్ణి. రూలు అదే. పాపం అనిపించినా ఇవ్వలేం.

మీకు కావలసింది ఇద్దరి పేరు మీద ఒక సేవింగ్స్ ఖాతా. ఫారంలో "ఐదర్ ఆర్ సర్వైవర్" అని ఉంటుంది, దానికి టిక్కు పెట్టించండి. అంటే ఇద్దరిలో ఎవరు వచ్చినా తీసుకోవచ్చు. "జాయింట్లీ" అని ఉన్న గడిలో పొరపాటున పెట్టారంటే ప్రతిదానికీ రెండు సంతకాలు కావాలి, అప్పుడు మళ్ళీ మొదటికే వస్తుంది. మీకు వేరే ఏటీఎం కార్డు, మీ ఫోన్ నంబరుతో వేరే యూపీఐ. ఆయన పిన్ మీకు అక్కర్లేదు, మీది ఆయనకి అక్కర్లేదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నామినీగా పేరు ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఖాతాదారు బతికి ఉండగా నామినీకి ఒక్క రూపాయి తీసే హక్కు లేదు. ఆసుపత్రి మంచం మీద మనిషి ఉన్నప్పుడు నామినీ కాగితం ఎందుకూ పనికిరాదు.

ఇంకో మాట. ఎఫ్‌డీని కూడా ఇద్దరి పేరు మీద మారిస్తే సరిపోతుందని అనుకోకండి. ఐదర్ ఆర్ సర్వైవర్ అయినా గడువు తీరాకనే ఒక్కరు తీసుకోగలరు. గడువుకి ముందే రద్దు చేయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. వేసేటప్పుడే దాని గురించి బ్యాంకులో అడిగి రాయించుకోవాలి. అందుకే మొదటి నలభై యాభై వేలు సేవింగ్స్‌లోనే ఉండాలి. వడ్డీ రాకపోతే రాకపోనీ. ఆ డబ్బు వడ్డీ కోసం కాదు.

మణికొండ బాబూ, లిక్విడ్ ఫండ్ మంచిదే కానీ మొత్తం అప్పటికప్పుడు రాదు. ఒక పథకంలోంచి రోజుకి 50,000 లేదా ఉన్నదాంట్లో 90 శాతం, ఏది తక్కువైతే అది. మిగతాది మరుసటి పనిదినానికి. శుక్రవారం రాత్రి నొక్కితే ఎప్పటికొస్తుందో మీరే చూసుకోండి. పెట్టిన మొదటి ఆరు రోజుల్లో తీస్తే కొద్దిగా ఎగ్జిట్ లోడ్, అంటే ముందే తీసినందుకు కోత కూడా ఉంటుంది.

నల్లకుంట కోడలు | సోమవారం, ఉదయం 8:02

బాబాయ్ గారూ, నామినీ సంగతి చదివి చల్లబడిపోయాను. నేను నామినీని కదా అని ఆ రాత్రి కౌంటర్ దగ్గర వాదించాను కూడా. మరి ఆ రెండువేల నోట్లు ఇక చిత్తు కాగితాలేనా? అత్తమ్మ రోజుకి నాలుగుసార్లు అడుగుతోంది.

రిటైర్డ్ క్యాషియర్ | సోమవారం, ఉదయం 8:30

కాదమ్మా. 2023 మే 19న వాటిని చలామణి నుంచి వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వ్ బ్యాంక్ ప్రకటించింది. రద్దు చేయలేదు, ఇప్పటికీ చెల్లే నోటే. కాకపోతే అదే ఏడాది అక్టోబరు నుంచి మామూలు బ్యాంకుల్లో తీసుకోవడం లేదు. మన హైదరాబాద్ సైఫాబాద్‌లో రిజర్వ్ బ్యాంక్ ఆఫీసుంది, ఆధార్ పట్టుకుని వెళ్ళండి. వెళ్ళలేకపోతే పోస్టులో పంపినా ఖాతాలో వేస్తారు. 2016 నవంబరులో ఐదువందలు, వెయ్యి పోయినట్టు ఇవి పోలేదని పెద్దావిడకి చెప్పండి.

మలక్‌పేట మిషన్ అక్క | సోమవారం, మధ్యాహ్నం 2:15

నేను ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకున్నదాన్ని, బ్యాంకుల సంగతి బాబాయ్ గారంత తెలీదు. కానీ నీ పదిహేను వేలు ఎటు పోతున్నాయో నేను చెప్తాను చెల్లీ.

నువ్వు నెల ఖర్చు రాశావు. ఏడాది ఖర్చు రాయలేదు.

నేనూ అట్లాగే ఉండేదాన్ని. జూన్ వస్తే "అయ్యో స్కూలు ఫీజు" అని గాజులు పట్టుకుని తాకట్టుకి పోయేదాన్ని. దసరా వస్తే అప్పు, సంక్రాంతికి ఊరెళ్ళాలంటే అప్పు. ప్రతిదీ హఠాత్తుగా వచ్చి మీద పడ్డట్టే ఉండేది. ఒకరోజు మా పెద్దమ్మాయి అడిగింది, "అమ్మా, జూన్ ప్రతి ఏడూ వస్తుంది కదా?" అని. దానికి అప్పుడు పదకొండేళ్ళు. సిగ్గేసింది.

ఆ రాత్రే పాత నోటుబుక్కులో రాశాం. ఫీజు 46,000, పుస్తకాలు యూనిఫాం 11,000, బండి ఇన్సూరెన్స్ సర్వీసింగు 4,000, హెల్త్ పాలసీ 19,000, పండగ బట్టలు ఊరి ప్రయాణాలు 15,000, పెళ్ళిళ్ళ చదివింపులు 8,000, ఎండాకాలంలో కొనే ఏడాది సరుకు 9,000. మొత్తం 1,12,000. పన్నెండుతో భాగిస్తే నెలకి 9,300 పైచిలుకు. అంటే ప్రతి నెలా తొమ్మిది వేలు నాకు కనపడకుండా ఖర్చయిపోయినట్టే లెక్క, మిగిలిందని నేను సంబరపడేదాన్ని!

ఇప్పుడు ఒకటో తారీఖునే ఆ తొమ్మిది వేలు వేరే ఖాతాలోకి పోతుంది. దానికి మా ఆయన "ఏడాది ముంత" అని పేరు పెట్టాడు. అత్యవసరం డబ్బు వేరు, ముంత వేరు. ఈ రెండూ కలిపితే మాత్రం జూన్‌లో ఫీజుకి అత్యవసరం డబ్బు తీసేస్తాం, జులైలో ఎవరికో జ్వరం వస్తుంది.

ఊరికే చదువుతా | సోమవారం, మధ్యాహ్నం 2:40

పెళ్ళి చదివింపులు అత్యవసరం కాదంటారా? మా మేనమామ కూతురి పెళ్ళికి తులం బంగారం పెట్టకపోతే మా ఇంట్లో వచ్చే ఎమర్జెన్సీ మీరు చూడలేదు.

మలక్‌పేట మిషన్ అక్క | సోమవారం, మధ్యాహ్నం 2:52

మేనమామ కూతురికి ఎన్నేళ్ళొచ్చాయో నీకు ముందే తెలుసు కదయ్యా. 😄

బోరబండ ఆటో | సోమవారం, రాత్రి 11:30

అందరికీ దండాలు. ఇప్పుడే బండి పెట్టి చూస్తున్నా. అక్కా, మీకు ఒకటో తారీఖు ఉంది. మాకు ఏ రోజుకారోజే ఒకటో తారీఖు. రోజు వెయ్యి వస్తుంది, ఇంకోరోజు నాలుగొందలు. గ్యాసు, ఫైనాన్సు కిస్తీ పోను మిగిలిందే మాది. ఆరు నెలల ఖర్చు దాచమంటే మాలాంటోళ్ళకి నవ్వొస్తుంది.

మా బస్తీలో అత్యవసరం అంటే గిరిగిరి. పదివేలు అడిగితే చేతికి ఎనిమిదిన్నర వేలు ఇస్తారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పొద్దున గల్లా తెరవకముందే మనిషి వచ్చి నిలబడతాడు. నేను నాలుగేళ్ళు కట్టిన. ఒకటి తీరకముందే ఇంకోటి.

బయటపడింది ఎట్లనో చెప్తా. లాక్‌డౌన్ తర్వాత ఒకసారి గిరిగిరి తీరిపోయింది. మా ఇంటామె అన్నది, "వంద రోజులు వందిచ్చినోళ్ళం, ఇంకో వంద రోజులు ఆయన వస్తున్నడనుకునే పక్కన పెడదాం" అని. రోజూ వంద డబ్బాలో వేసినం. గిరాకీ లేని రోజు కూడా. వంద రోజులకి పదివేలు మాదే. అది ఇప్పటికీ పోస్టాఫీసు ఖాతాలో ఉంది, ఆమె పేరు మీద. రెండుసార్లు తీసినం, రెండుసార్లు మళ్ళీ వందల లెక్కన నింపినం.

మణికొండ టెక్కీ | సోమవారం, రాత్రి 11:48

అన్నా, ఇప్పుడే లెక్క వేశాను. 8,500 తీసుకుని 10,000 కట్టడం అంటే 1,500 వడ్డీ. కానీ అసలు రోజూ తగ్గుతోంది కదా, సగటున మీ దగ్గర ఉన్నది 4,250 మాత్రమే. వంద రోజులకి 35 శాతం. ఏడాదికి నూరు శాతం దాటిపోతుంది! క్రెడిట్ కార్డు బాకీ పెడితే పడే వడ్డీ ఏడాదికి 40 శాతం దరిదాపుల్లో ఉంటుంది, దాన్నే మేం దోపిడీ అంటాం.

బోరబండ ఆటో | సోమవారం, రాత్రి 11:55

నాకు శాతాలు తెలియవు తమ్మీ. వాడి బండి ఏటేటా పెద్దదయ్యేది, అది మాత్రం చూసిన.

అమీర్‌పేట హాస్టల్ పిల్ల | మంగళవారం, ఉదయం 7:45

ఆటో అన్న మాట చదివి ధైర్యం వచ్చి రాస్తున్నాను. నా జీతం 22,000. మాది ఖమ్మం వైపు. హాస్టల్ 7,500, ఇంటికి 6,000 పంపుతాను. 2023 డిసెంబరు 9 నుంచి సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా, అంతకుముందు నాకు నెలకి 1,200 దాకా అయ్యేది. ఆ 1,200 మిగిలిందని మొదటి మూడు నెలలు అసలు తెలియలేదు, ఎటో పోయింది. తర్వాత జీతం పడిన మరుసటి రోజు ఆటోమేటిగ్గా పోయేలా 1,200కి ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) పెట్టాను. అప్పుడు కనపడింది.

బోరబండ ఆటో | మంగళవారం, ఉదయం 8:10

మంచిగ చేసినవ్ చెల్లె. నీ పన్నెండొందలు మిగిలినయంటే మాకు అంత గిరాకీ పోయింది, అది వేరే సంగతి. నీ మీద కోపం లేదు. 🙏

అమీర్‌పేట హాస్టల్ పిల్ల | మంగళవారం, ఉదయం 8:14

సారీ అన్నా. వాన పడితే ఆటోనే ఎక్కుతాను, ఒట్టు.

నిర్వాహకులు | మంగళవారం, ఉదయం 10:00

ఈ చర్చలో ఎవరో "ఐదు నిమిషాల్లో ఎమర్జెన్సీ లోన్" అని ఒక యాప్ లింకు పెట్టారు. తీసేశాం. ఫోన్‌లో ఉన్న కాంటాక్టులు, ఫొటోలు తీసుకోవద్దని 2022లోనే రిజర్వ్ బ్యాంక్ నిబంధన పెట్టింది. మీ కాంటాక్టులు అడిగే యాప్ ఏదైనా సరే, అక్కడే ఆగండి.

మలక్‌పేట మిషన్ అక్క | మంగళవారం, మధ్యాహ్నం 1:30

రోజువారీ ఖర్చుల గురించి ఎవరూ రాయడం లేదు, నేనే రాస్తాను.

ముందు కరెంటు. ఇది చాలామందికి తెలియదు. మన తెలంగాణలో నెలకి వంద దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వంద యూనిట్లకి 3.40, తర్వాతి వందకి 4.80. అంటే 200కి 820. 201వ యూనిట్ తిరిగిందంటే శ్లాబు మొత్తం మారిపోతుంది, మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. 2022లో మార్చిన రేట్లు ఇవి. అంటే ఒక్క యూనిట్‌కి దాదాపు 208 రూపాయల తేడా, ఫిక్స్‌డ్ చార్జీలు కాకుండా. గృహజ్యోతి ఉన్నవాళ్ళకి ఇంకా ఘోరం, 200 దాటితే సున్నా బిల్లు కాస్తా పూర్తి బిల్లు అవుతుంది. మేం నెలలో ఇరవయ్యో రోజు మీటర్ చూసి గోడ మీద క్యాలెండర్‌లో రాస్తాం. 150 దాటితే ఇస్త్రీ బట్టలు బయటికి, పిల్లలకి చన్నీళ్ళు. ఎండాకాలం మాత్రం ఓడిపోతాం, కూలర్ ముందు ఏ లెక్కా నిలబడదు.

కూరగాయలకి సరూర్‌నగర్ రైతుబజారు. ఈ రైతుబజార్లు 1999లో మొదలైనప్పటి నుంచీ మా అమ్మ పోయేది, ఇప్పుడు నేను. బోర్డు మీద ఆ రోజు ధర రాసి ఉంటుంది, బేరం అక్కర్లేదు. పొద్దున్నే పోతే మంచివి దొరుకుతాయి, సాయంత్రం పోతే అగ్గువకి దొరుకుతాయి. మీకు ఏది కావాలో మీరే చూసుకోండి. మిర్చి, చింతపండు, పసుపు ఫిబ్రవరి మార్చి నెలల్లో మలక్‌పేట గంజ్‌లో నాలుగిళ్ళ వాళ్ళం కలిసి తీసుకుంటాం. కొత్త మిర్చి వచ్చే రోజులు అవి. తెచ్చి ఎండబెట్టి, తొడిమలు తీసి పట్టించడానికి రెండ్రోజులు పడుతుంది, తుమ్ములు వేరే. సూపర్ మార్కెట్‌లో ప్యాకెట్ పట్టుకోవడం సుఖమే, కాదనను.

కిరాణా ఉద్దెర ఖాతా మాత్రం మూసేశాను. పుస్తకంలో రాస్తుంటే మనం ఎంత తెస్తున్నామో మనకి తెలియదు, సేటుకి తెలుస్తుంది.

మణికొండ టెక్కీ | మంగళవారం, మధ్యాహ్నం 3:05

మీ దగ్గర నల్లా నీళ్ళు నెలకి 20,000 లీటర్ల దాకా ఉచితం. మా అపార్ట్‌మెంట్‌లో ఏప్రిల్ మే నెలల్లో ట్యాంకర్లకే మెయింటెనెన్స్ ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఏడాది ముంతలో నేను "నీళ్ళు" అని ఒక గడి చేర్చుకోవాలి. ఏటా వస్తుంది, ఏటా ఆశ్చర్యపోతాను.

ఇంకొక మాట, నిన్న తప్పు సలహా ఇచ్చినందుకు ప్రాయశ్చిత్తం. నా క్రెడిట్ కార్డుకి యాడ్-ఆన్ కార్డు, అంటే నా ఖాతా మీదే ఇంకో కార్డు తీసి మా అమ్మకి ఇచ్చాను. ఆసుపత్రి కౌంటర్లో గీకితే చాలు, గడువులోగా మొత్తం కట్టేస్తే వడ్డీ లేదు. ఏటీఎంలో పెట్టి నగదు మాత్రం తీయకూడదు, తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు. ఇన్సూరెన్స్ ఈ-కార్డు కూడా ఇంట్లో అందరి వాట్సాప్‌లో ఉండాలి. నాది ఆఫీసు మెయిల్‌లో ఉండేది, ఆ మెయిల్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తప్ప తెరుచుకోదు. మీ పోస్టు చదివాకే తీసి పంపాను.

ఊరికే చదువుతా | మంగళవారం, రాత్రి 9:15

చిట్టీల గురించి ఎవరూ మాట్లాడరేంటి? హైదరాబాద్‌లో చిట్టీ లేని ఇల్లుందా? అవసరం పడితే పాట పాడి ఎత్తుకోవడమే.

రిటైర్డ్ క్యాషియర్ | బుధవారం, ఉదయం 6:10

చిట్టీ తప్పని నేననను. మా అమ్మాయి పెళ్ళికి చిట్టీయే ఆదుకుంది. కానీ పెళ్ళికి ముహూర్తం ఉంటుంది, అపెండిక్స్‌కి ఉండదు. పాట నెలకోసారి. ఆ రోజు మీకంటే అవసరం ఎక్కువున్నవాడు ఇంకా తగ్గించి పాడితే మీకు రాదు. వచ్చినా జామీను కాగితాలు అయ్యేసరికి రోజులు పడుతుంది. కాబట్టి ఏడాది ముంతకి చిట్టీ పనికొస్తుంది, అర్ధరాత్రికి పనికిరాదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో చూసుకోండి. "మా ఆఫీసులో వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు" అని పదిమంది కలిసి వేసుకునేవి నడిచినన్నాళ్ళు నడుస్తాయి. మునిగితే ఎవరి దగ్గరికి వెళ్తారు?

బంగారం గురించి కూడా చెప్తాను, ఎలాగూ అడుగుతారు. తాకట్టు అప్పు చేబదులు కంటే, నూటికి మూడు రూపాయల వడ్డీ కంటే ఎంతో నయం. రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. రాళ్ళు, మజూరీ లెక్కలోకి రావు. కానీ బ్యాంకు పొద్దున పదింటికి తెరుస్తారు. లాకర్‌లో ఉన్న బంగారమూ అంతే.

ఎంత దాచాలో కూడా ఒక మాట చెప్తాను. 62,000ని ఆరుతో గుణించకండి. ఉద్యోగం పోతే పెట్రోలు తగ్గుతుంది, బయట తిండి ఆగుతుంది. మీ 43,000లో గట్టిగా పట్టుకుంటే 36,000, 37,000తో ఇల్లు నడుస్తుంది. దానికి ఏడాది ఖర్చు వాటా కలపండి, ఫీజు ఆగదు కదా. ఆ మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే మీ దగ్గరున్న 3,60,000 సరిపోయి ఇంకా మిగులుతుంది. మీకు కొత్తగా దాచాల్సిన పని లేదమ్మా, ఉన్నది సర్దుకోవాలి అంతే. ఒక్క బ్యాంకులోనే ఉంచొద్దు. ఏ బ్యాంకైనా మునిగితే ఒక్కో మనిషికి ఐదు లక్షల దాకా బీమా ఉంది, మీకు ఆ భయం లేదు. నేను చెప్పేది సర్వర్ పని చేయని రాత్రి గురించి.

అమీర్‌పేట హాస్టల్ పిల్ల | బుధవారం, ఉదయం 8:20

ఇంట్లో నగదు ఎంత ఉంచాలి బాబాయ్ గారూ?

రిటైర్డ్ క్యాషియర్ | బుధవారం, ఉదయం 8:50

ఒక వారం ఇల్లు గడవడానికి, ఒక ఆటోకి, ఒక డాక్టరు ఫీజుకి సరిపడా. మీకు హాస్టల్‌లో రెండువేలు చాలు. ఇక్కడి ఇళ్ళల్లో పది పదిహేను వేలు. 2020 అక్టోబరు వానలకి మా వైపు రెండ్రోజులు కరెంటు లేదు, సిగ్నల్ లేదు. పాలవాడు నగదు తీసుకున్నాడు, ఫోన్ పట్టించుకోలేదు. ఉంచిన నోట్లు ఏడాదికోసారి తీసి వాడేసి కొత్తవి పెట్టండి. ఆ రెండువేల నోట్ల సంగతి చూశారుగా.

నల్లకుంట కోడలు | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:30

ఏం చేశామో చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను.

ఇద్దరి పేరు మీద ఖాతా తెరిచాం. ఒక్క రోజులో అవుతుందనుకున్నాను, మూడుసార్లు తిరిగాం. మొదటిసారి నా ఆధార్‌లో ఇంటిపేరు పుట్టింటిది, పాన్‌లో అత్తింటిది. రెండోసారి టిక్కు "జాయింట్లీ" గడిలో పడింది. బాబాయ్ గారు చెప్పకపోతే నేను గమనించేదాన్నే కాదు. ఇప్పుడు అందులో అరవై వేలు ఉంది, కార్డు నా పర్సులో ఉంది. జీతం ఖాతాలోంచి లక్ష తీసి కొత్త ఖాతాకే కలిపి ఉండే స్వీప్ డిపాజిట్‌లో వేశాం, కావాలంటే దానంతట అదే విరిగి వస్తుందట. పాత ఎఫ్‌డీ జోలికి పోలేదు.

పదిహేను వేల లెక్క కూడా చాలావరకు తేలింది. మలక్‌పేట అక్క చెప్పినట్టు రాస్తే మా ఏడాది ఖర్చు 1,06,000, నెలకి 8,800 పైన. మిగిలిన ఆరు వేల కోసం మూడు నెలల స్టేట్‌మెంట్ తీసి ఇద్దరం కూర్చుని పెన్నుతో గీతలు పెట్టాం. బయటి నుంచి తెప్పించిన తిండి సగటున 3,400. ఆదివారం బిర్యానీ నేను ఒప్పుకుంటాను, కానీ అందులో సగం ఆయన ఆఫీసు నుంచి నాకు చెప్పకుండా తెప్పించుకున్న మిర్చీబజ్జీలూ సమోసాలూ. అపెండిక్స్ ఆయనకే ఎందుకొచ్చిందో అని అత్తమ్మ ఒక మాట అంది, డాక్టరు దానికీ దీనికీ సంబంధం లేదన్నా ఆవిడ వినలేదు.

సైఫాబాద్ వెళ్ళి ఆ మూడు నోట్లు మార్చుకొచ్చాం. అత్తమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. ఆరు వేలు, మేము తిరిగిచ్చిన 17,500 కలిపి రెండుసార్లు లెక్కపెట్టుకుని, డబ్బా వేరే చోటికి మార్చేసింది. బియ్యం డబ్బా అడుగున లేదు, చూశాను.

మలక్‌పేట మిషన్ అక్క | ఆదివారం, సాయంత్రం 6:48

ఎక్కడ పెట్టిందో అడుగు చెల్లీ! ఆవిడకే ఏదైనా అయితే?

నల్లకుంట కోడలు | ఆదివారం, సాయంత్రం 7:10

అడిగాను అక్కా. "నీ కొత్త కార్డు పిన్ ఎంతో నువ్వు చెప్పు, నా డబ్బా ఎక్కడుందో నేను చెప్తా" అంది.